ముగింపు తెలియని రోజుల పుస్తకాలు

రాజకీయ కార్టూన్ ఆ పూటకోసం గీసేది. గీసినవారికి నిన్నటి సంగతి తెలుసు, రేపటిది తెలియదు. పొద్దున్నే పేపరు తెరిచినవారి పరిస్థితీ అంతే. అలాంటి కార్టూన్లను ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత తేదీల వరుసలో పేర్చి పుస్తకం వేస్తే, ఆనాటి జనం దేన్ని చూసి నవ్వారో, దేనికి భయపడ్డారో, ఎవరిని కాబోయే ప్రధాని అనుకున్నారో కళ్లకు కడుతుంది. చరిత్ర గ్రంథాల్లో ఇవన్నీ చాలావరకు రాలిపోతాయి. కథ ఎలా ముగిసిందో తెలిసిన చరిత్రకారుడు ఆ ముగింపు వైపు నడిచిన సంఘటనలనే ఏరుకుంటాడు. తప్పిపోయిన అంచనాలకూ వృథా అయిన ఆశలకూ అక్కడ చోటు తక్కువ.

సంఘటన జరిగిన నాలుగైదేళ్లలోనే వెలువడిన పాత రాజకీయ చరిత్రలు ఈ రెండింటికీ నడుమ ఉంటాయి. ప్రభుత్వ కాగితాలు ఇంకా రహస్యంగానే ఉండటం వల్ల వాటిలో పొరపాట్లు ఎక్కువ. పాత్రధారులు బతికే ఉండటం వల్ల మాటల్లో వేడీ ఎక్కువే. ఒక కార్టూన్ సంకలనాన్నీ అదే కాలం మీద వచ్చిన ఒక పాత చరిత్రనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే, విడివిడిగా ఏదీ ఇవ్వలేని ఆనందం దొరుకుతుంది. కార్టూన్ ఒక తేదీని చూపిస్తుంది, చరిత్ర ఆ తేదీకి ముందువెనుకలు చెబుతుంది. నెహ్రూ చివరి రోజులు దీనికి మంచి ఉదాహరణ.

నెహ్రూ తర్వాత ఎవరు?

కేరళలోని కాయంకుళంలో 1902లో పుట్టిన కేశవ శంకర పిళ్లై 1932 నుంచి హిందూస్తాన్ టైమ్స్‌లో కార్టూన్లు గీశారు. 1948 మే నెలలో సొంతంగా 'శంకర్స్ వీక్లీ' పెట్టారు. ఆ పత్రికను ఆవిష్కరించింది నెహ్రూయే. తనను కూడా వదిలిపెట్టవద్దని శంకర్‌తో ఆయన అన్న మాట తర్వాత ఒక సంకలనానికి పేరైంది. 1983లో చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్ వేసిన 'డోంట్ స్పేర్ మీ, శంకర్' అంతా నెహ్రూ బొమ్మలే. మొదటి పేజీల్లో చలాకీగా గెంతుతూ, గుర్రమెక్కుతూ, సర్కస్ చేస్తూ కనిపించే నెహ్రూ చివరికి వచ్చేసరికి భుజాలు వంగిన ముసలివాడవుతాడు. ఏ జీవితచరిత్రా ఇంత సూటిగా ఒక మనిషి వయసు మీరడాన్ని చూపదు.

1964 మే 17 నాటి కార్టూన్‌లో నెహ్రూ చిక్కిశల్యమై, చేతిలో కాగడాతో పరుగుపందెం ఆఖరి దశలో ఉంటారు. వెనుక గుల్జారీలాల్ నందా, లాల్ బహదూర్ శాస్త్రి, మొరార్జీ దేశాయ్, కృష్ణ మీనన్, ఇందిరాగాంధీ పరిగెత్తుకొస్తుంటారు. కాగడా ఎవరి చేతికి వెళుతుందో బొమ్మలో లేదు. సరిగ్గా పది రోజులకు, మే 27న నెహ్రూ చనిపోయారు.

దీని పక్కన పెట్టి చదవాల్సిన పుస్తకం వెల్స్ హాంగెన్ రాసిన 'ఆఫ్టర్ నెహ్రూ, హూ?'. అమెరికన్ టెలివిజన్ సంస్థ ఎన్‌బీసీకి ఢిల్లీ విలేకరిగా పనిచేసిన హాంగెన్ దీన్ని 1963లో, నెహ్రూ ఇంకా కుర్చీలో ఉండగానే వెలువరించారు. ఎనిమిది మందిని వారసులుగా ఊహించి ఒక్కొక్కరికి ఒక్కో అధ్యాయం ఇచ్చారు. వారు మొరార్జీ, కృష్ణ మీనన్, శాస్త్రి, వై.బి. చవాన్, ఇందిర, జయప్రకాశ్ నారాయణ్, ఎస్.కె. పాటిల్, జనరల్ బి.ఎం. కౌల్. ఈ ఎనిమిది మందిలో ముగ్గురు నిజంగానే ప్రధానులయ్యారు. జోస్యానికి ఇది మంచి మార్కే. కానీ పుస్తకంలో ఎక్కువ రుచి ఉన్నది మిగతా అయిదుగురి అధ్యాయాల్లో. సైనికాధికారి దేశాన్ని చేజిక్కించుకుంటాడేమోనన్న శంక 1963లో తెలివైన విలేకరికి కూడా ఉండేదని కౌల్ అధ్యాయం సాక్ష్యమిస్తుంది. నేటి చరిత్ర పుస్తకాల్లో ఆ భయానికి ఒక వాక్యం దక్కితే గొప్ప.

అసలు నిర్ణయం ఎలా జరిగిందో మైకేల్ బ్రెచర్ 1966లో వచ్చిన 'సక్సెషన్ ఇన్ ఇండియా'లో వివరించారు. ఈ కథలో తెలుగునేలకూ పాత్ర ఉంది. 1963 అక్టోబరులో తిరుపతిలో కాంగ్రెస్ నాయకులు కామరాజ్, అతుల్య ఘోష్, నిజలింగప్ప, అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి కలుసుకున్నారు. కామరాజ్‌ను కాంగ్రెస్ అధ్యక్షుణ్ని చేయాలన్న ఆలోచన అక్కడ గట్టిపడింది. తర్వాత పత్రికలు 'సిండికేట్' అని పిలిచిన గుంపు ఇదే. కార్టూన్‌లో కాగడా వెనుక పరిగెడుతున్నవారిలో ఈ నలుగురూ లేరు. పందెం ఫలితాన్ని తేల్చింది మాత్రం బొమ్మకు బయట ఉన్న ఇలాంటి పెద్దలే. బ్రెచర్‌ను చదివి మళ్లీ శంకర్ బొమ్మ దగ్గరికి వస్తే, అందులో లేనివారు కూడా కనబడటం మొదలవుతుంది.

నత్త నడక, కొరడా

అదే శంకర్ గీసిన 1949 ఆగస్టు 28 నాటి కార్టూన్ మరో రకం పాఠం. రాజ్యాంగం అనే నత్త మీద అంబేడ్కర్ కూర్చుని కొరడా పట్టుకున్నారు. వెనుక నెహ్రూ కూడా కొరడా ఎత్తారు. చుట్టూ జనం చూస్తున్నారు. ఎన్‌సీఈఆర్‌టీ 2006లో తెచ్చిన పదకొండో తరగతి పాఠ్యపుస్తకంలో ఈ బొమ్మ ఉండేది. ఆరేళ్ల తర్వాత, 2012 మే నెలలో, ఇది అంబేడ్కర్‌ను అవమానించడమేనంటూ పార్లమెంటులో పెద్ద గొడవే జరిగింది. పాఠ్యపుస్తక సలహాదారులు సుహాస్ పల్షీకర్, యోగేంద్ర యాదవ్ రాజీనామా చేశారు.

బొమ్మ చూపించేది ఆనాటి పత్రికల అసహనాన్ని. రాజ్యాంగ రచన ఆలస్యమవుతోందన్న ఫిర్యాదు 1949లో గట్టిగానే వినిపించేది. దానికి అంబేడ్కరే 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో లెక్కలతో జవాబిచ్చారు. ముసాయిదాకు 7,635 సవరణల నోటీసులు వచ్చాయి, వాటిలో సభ ముందుకు వచ్చినవే 2,473. ముసాయిదా సంఘంలోని ఏడుగురిలో ఒకరు రాజీనామా చేయడం, ఒకరు చనిపోవడం, ఒకరు అమెరికాలో ఉండిపోవడం వల్ల బరువంతా అంబేడ్కర్ మీదే పడిందని టి.టి. కృష్ణమాచారి అంతకు ఏడాది ముందే అదే సభలో చెప్పారు. గ్రాన్‌విల్ ఆస్టిన్ 1966 నాటి గ్రంథం 'ది ఇండియన్ కాన్‌స్టిట్యూషన్: కార్నర్‌స్టోన్ ఆఫ్ ఎ నేషన్' ఆ సభ లోపలి బేరసారాలను, సర్దుబాట్లను విడమరిచింది. అది చదివాక నత్త బొమ్మ అన్యాయంగా తోస్తుంది. తోచాలి కూడా.

ఇక్కడే సంకలనాల అసలు ప్రయోజనం. ఒక్క కార్టూన్‌ను విడిగా తీస్తే అది తగవు అవుతుంది, వందను వరుసగా పెడితే ఆ కాలపు మనసు బయటపడుతుంది. ఉన్నమతి శ్యామసుందర్ 2019లో తెచ్చిన 'నో లాఫింగ్ మ్యాటర్' 1932 నుంచి 1956 వరకు ఆంగ్ల పత్రికలు అంబేడ్కర్‌ను గీసిన తీరును ఒకచోట చేర్చింది. పేరున్న కార్టూనిస్టుల చేతుల్లో ఆయన ఎంత తరచుగా పొట్టివాడిగా, పెంకివాడిగా కనిపించారో చూస్తే నవ్వు దానంతటదే ఆగిపోతుంది. కార్టూనిస్టులు ఎప్పుడూ బలహీనుల పక్షమే అన్న పాత నమ్మకాన్ని ఇంత గట్టిగా దెబ్బతీసిన సంకలనం మరొకటి లేదు.

రోజూ సాగే కథలు

ఒకే చట్రంలో ముగిసే కార్టూన్ వేరు, నాలుగైదు చట్రాల్లో రోజూ కొనసాగే కామిక్ స్ట్రిప్ వేరు. స్ట్రిప్‌లో పాత్రలుంటాయి, వాటికి స్వభావాలుంటాయి, నెలల తరబడి నడిచే కథ ఉంటుంది. ఈ ప్రక్రియను రాజకీయాలకు అమోఘంగా వాడుకున్నది అమెరికన్లు. వాల్ట్ కెల్లీ 'పోగో' జార్జియాలోని ఒకెఫెనోకీ చిత్తడి అడవిలో జంతువుల కథ. 1949లో అది దేశమంతటి పత్రికల్లోకి వెళ్లింది. కమ్యూనిస్టుల వేట పేరుతో సెనేటర్ జోసెఫ్ మెకార్తీ దేశాన్ని వణికిస్తున్న 1953 మే నెలలో, అచ్చం మెకార్తీ మొహంతో ఉన్న అడవి పిల్లి ఒకటి ఆ చిత్తడిలోకి వచ్చింది. దాని పేరు సింపుల్ జె. మలార్కీ. రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ నగరపు పత్రిక, ఆ మొహం మళ్లీ కనబడితే స్ట్రిప్ ఆపేస్తామంది. ప్రావిడెన్స్ నుంచి ఒక కోడిపెట్ట వచ్చినట్టు కెల్లీ కథ మలిచి, ఆమె కంటబడకుండా మలార్కీ నెత్తికి సంచి తొడిగేశారు. మొహం కనబడలేదు, ఎగతాళి రెట్టింపైంది.

తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తేనే దీని సాహసం తెలుస్తుంది. టెలివిజన్‌లో విలేకరి ఎడ్వర్డ్ మర్రో, మెకార్తీని నిలదీసింది 1954 మార్చిలో. సెనేట్ ఆయనను అభిశంసించింది ఆ ఏడు డిసెంబరు 2న. రిచర్డ్ రోవియర్ రాసిన పేరుమోసిన మెకార్తీ చరిత్ర వచ్చింది 1959లో, అంటే మెకార్తీ పోయిన రెండేళ్లకు. రోవియర్ వాక్యాల్లోని ధీమా ముగింపు తెలిసినవారి ధీమా. కెల్లీకి ఆ సౌకర్యం లేదు.

గ్యారీ ట్రూడో 'డూన్స్‌బరీ' 1970 అక్టోబరులో మొదలైంది. వాటర్‌గేట్ విచారణల మధ్య, 1973 మే నెలాఖరులో అందులోని ఒక కాలేజీ రేడియో కుర్రాడు మాజీ అటార్నీ జనరల్ జాన్ మిచెల్‌ను దోషిగా ప్రకటించేస్తాడు. కోర్టు చెప్పకముందే తీర్పు చెప్పడమేమిటని, వాటర్‌గేట్‌ను వెలికితీసిన వాషింగ్టన్ పోస్టే ఆ స్ట్రిప్‌ను వేయలేదు. కోర్టు తీర్పు 1975 జనవరి 1న వచ్చింది, దోషి అనే. అదే ఏడాది ట్రూడోకు పులిట్జర్ దక్కింది. సంపాదక కార్టూన్ల విభాగంలో కామిక్ స్ట్రిప్‌కు ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. ఆ రోజు పోస్టు చేసింది తప్పని తీర్చడం ఇప్పుడు తేలికే. 1973 మేలో కూర్చుని ఆలోచిస్తే అంత తేలిక కాదు.

భారతదేశంలో ఇంతటి రాజకీయ స్ట్రిప్ రాలేదు గానీ, ఆర్.కె. లక్ష్మణ్ పాకెట్ కార్టూన్ 'యూ సెడ్ ఇట్' ఆ లోటు చాలావరకు తీర్చింది. 1951లో టైమ్స్ ఆఫ్ ఇండియాలో మొదలైన ఈ చిన్న చట్రంలో గళ్ల కోటు, పంచె, గుండ్రటి కళ్లజోడు పెట్టుకున్న సామాన్యుడు రోజూ కనిపిస్తాడు, ఒక్క మాటా మాట్లాడడు. సంకలనాలుగా చదివితే తెలిసేది ఏమిటంటే, మంత్రివర్గాలు మారినా గుంతల రోడ్లు, నీళ్లు రాని కుళాయిలు, పెరిగే ధరలు, విదేశీ పర్యటనల మీద వెళ్లే మంత్రులు మాత్రం మారరు. రాజకీయ చరిత్రల్లో కుళాయిలు ఉండవు. 1947 నుంచి 2004 దాకా ఆయన గీసిన బొమ్మలతో వచ్చిన 'బ్రషింగ్ అప్ ది ఇయర్స్' ఈ విధంగా ఒక సమాంతర చరిత్రే.

ఒకే సెప్టెంబరు, నాలుగు పుస్తకాలు

పాత రాజకీయ చరిత్రలను ఒకదాని మీద ఒకటి పెట్టి చదవాలంటే తెలుగువారికి హైదరాబాద్ విలీనాన్ని మించిన విషయం లేదు. సంస్థానాల మంత్రిత్వశాఖ కార్యదర్శి వి.పి. మీనన్ 1956లో 'ది స్టోరీ ఆఫ్ ది ఇంటిగ్రేషన్ ఆఫ్ ది ఇండియన్ స్టేట్స్' రాశారు. హైదరాబాద్‌లో భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా ఉన్న కె.ఎం. మున్షీ 1957లో 'ది ఎండ్ ఆఫ్ యాన్ ఎరా' వెలువరించారు. నిజాం ప్రభుత్వాధినేత మీర్ లాయక్ అలీ 1950లో గృహనిర్బంధం నుంచి తప్పించుకుని పాకిస్తాన్ చేరి, 1962లో 'ట్రాజెడీ ఆఫ్ హైదరాబాద్' ప్రచురించారు. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాసిన తెలంగాణ సాయుధ పోరాట చరిత్ర 1972లో ఆంగ్లంలో వచ్చింది, తెలుగులోనూ విస్తృతంగా చదివారు.

మీనన్ వాక్యం ఫైలు నోట్ లాగా నడుస్తుంది, ఒక్కో ఉత్తరం, ఒక్కో సమావేశం, ఒక్కో షరతు. మున్షీ నవలాకారుడు, కాబట్టి ఆయన పుస్తకంలో గదులు, మొహాలు, అనుమానాలు ఉంటాయి, తన పాత్ర కాస్త పెద్దగానే ఉంటుంది. లాయక్ అలీ ఇంజినీరు, పారిశ్రామికవేత్త. ఆయనది ఓడిపోయిన పక్షం. గెలిచినవారు దాటేసే చిన్న చిన్న వివరాలు అందులోనే దొరుకుతాయి, నమ్మడానికి ముందు రెండుసార్లు ఆలోచించాల్సినవీ అందులోనే. మీనన్, మున్షీల లెక్కలో 1948 సెప్టెంబరు 13న సైన్యం కదిలితే నాలుగైదు రోజుల్లో కథ అయిపోతుంది. సుందరయ్య లెక్కలో అక్కడ సగమే అయింది. పోరాట విరమణ 1951 అక్టోబరులో గానీ జరగలేదు. పై ముగ్గురి పుస్తకాల్లో నల్గొండ, వరంగల్ పల్లెలు దూరంగా వినబడే పేర్లు. సుందరయ్య పుస్తకంలో రాజభవనాలే దూరం. ఒక్కో పుస్తకం చదివి ముగించినప్పుడు అదే నిజమనిపిస్తుంది, తర్వాతది తెరిచేవరకు.

తప్పిన జోస్యాలు

పాత చరిత్రల్లో తప్పిపోయిన ఊహలు ఏరుకోవడం కాస్త దుష్టమైన సరదాయే. అమెరికన్ విలేకరి సెలిగ్ హారిసన్ 1960లో 'ఇండియా: ది మోస్ట్ డేంజరస్ డికేడ్స్' రాసి, భాషల పేరిట, కులాల పేరిట దేశం చీలికల అంచుకు చేరుతుందని హెచ్చరించారు. అంతకుముందే ఆంధ్ర కమ్యూనిస్టులకూ కులానికీ ఉన్న సంబంధం మీద 1956లో ఒక వ్యాసం ప్రచురించారు. కృష్ణా డెల్టా రాజకీయాలను కమ్మ, రెడ్డి పోటీగా చూపిన ఆ వ్యాసాన్ని తర్వాతి పరిశోధకులు ఒప్పుకుంటూనో తిట్టుకుంటూనో ప్రస్తావించక తప్పలేదు. దేశం గురించిన పెద్ద జోస్యం తప్పింది, ఒక ప్రాంతం గురించిన చిన్న పరిశీలన నిలిచింది. ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహారదీక్ష చేస్తూ పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలిన ఎనిమిదేళ్లకు వచ్చిన పుస్తకం కాబట్టి ఆ భయం అర్థం చేసుకోదగినదే. భాషా రాష్ట్రాలు దేశాన్ని చీల్చలేదన్న సంగతి 1960లో ఎవరికీ తెలియదు.

భోగరాజు పట్టాభి సీతారామయ్య రాసిన కాంగ్రెస్ చరిత్రది ఇంకో తీరు. మచిలీపట్నంలో వైద్యం చేసి, 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టిన ఈయన, కాంగ్రెస్ స్వర్ణోత్సవం కోసం 1935లో మొదటి సంపుటం రాశారు. రెండో సంపుటం 1947లో వచ్చింది. ఆ రెంటి నడుమ, 1939 జనవరిలో అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్ర బోస్ చేతిలో ఓడిపోయారు. పట్టాభి ఓటమి కన్నా అది తన ఓటమే ఎక్కువని గాంధీ ప్రకటించారు. పార్టీ చరిత్ర రాసేవాడే ఆ చరిత్రలో ఓడిన అభ్యర్థి కావడం అరుదు. తీర్మానాల పాఠాలతో బరువెక్కిన ఆ సంపుటాలను ఏకబిగిన చదవడం కష్టం, నచ్చిన చోట తెరిచి పది పేజీలు చదివితేనే రుచి.

ఎమర్జెన్సీ అరలో

ఎమర్జెన్సీ మీద పుస్తకాలకు కొదవ లేదు. వాటిలో అబూ అబ్రహాం సంకలనం 'ది గేమ్స్ ఆఫ్ ఎమర్జెన్సీ' ముందు చదవాల్సింది. శంకర్స్ వీక్లీలో పనిచేసి, లండన్‌లో అబ్జర్వర్, గార్డియన్ పత్రికలకు గీసి, 1969లో ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌కు వచ్చిన అబూది పొదుపైన గీత. 1975 డిసెంబరు 10న ఆయన బొమ్మలో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ స్నానపు తొట్టిలో ఉండగానే తలుపు సందులోంచి వచ్చిన ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి, ఇంకా ఉంటే కాస్త ఆగమని చెప్పమంటారు. సెన్సారు ఉన్న రోజుల్లో ఇది అచ్చయింది. అప్పటికి అబూ రాజ్యసభలో నామినేటెడ్ సభ్యుడు కూడా. సెన్సారుకు చిక్కిన మరికొన్ని 1977లో పుస్తకంలోనే వెలుగు చూశాయి. శంకర్స్ వీక్లీ మాత్రం 1975 ఆగస్టు 31తో మూతపడింది.

దీనికి జోడీగా కుల్దీప్ నయ్యర్ 1977లోనే తెచ్చిన 'ది జడ్జిమెంట్', ఎమర్జెన్సీ అక్రమాలను విచారించిన షా కమిషన్ 1978 నాటి నివేదికలు చదవవచ్చు. కాలక్రమంలో నివేదిక ప్రతులు దొరకడం గగనమైతే, మాజీ పార్లమెంటేరియన్ ఎరా సెళియన్ 2010లో మళ్లీ అచ్చు వేయించారు. అయితే ఈ పుస్తకాలన్నీ ఉత్తరాది కళ్లతో చూసినవే. 1977 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే వెళ్లాయి. జనతా తరఫున గెలిచినవారు ఒక్కరే, నంద్యాల నుంచి సంజీవరెడ్డి. 1969 రాష్ట్రపతి ఎన్నికలో వి.వి. గిరి చేతిలో ఓడిన ఆయనే, 1977 జులైలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఆంధ్ర ఓటరు ఎందుకు వేరుగా ఓటేశాడన్న ప్రశ్నకు ఢిల్లీ పుస్తకాల్లో జవాబు వెతకడం దండగ.

దొరికే చోట్లు

తెలుగు రాజకీయాలను ఈ పద్ధతిలో చదవాలంటే సంకలనాల కన్నా పాత పేపర్లే శరణ్యం. ఉదాహరణకు 1984 ఆగస్టు 16న ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నరు తొలగించినప్పటి నుంచి సెప్టెంబరు 16న ఆయన తిరిగి ప్రమాణం చేసేదాకా నెల రోజుల దినపత్రికలను ఏ రోజుకారోజు చదివితే, ఆ నెల మధ్యలో ఎవరికీ ఏమీ తెలియని ఉత్కంఠ అంతా తిరిగి వస్తుంది. శ్రీధర్ 'ఇదీ సంగతి', మోహన్ రాజకీయ కార్టూన్లు ఇలా తేదీల వరుసలో చూడాల్సినవి. తేదీ తీసేసి అచ్చువేసిన కార్టూన్‌లో సగం అర్థం పోతుంది. ప్రచురణకర్తలు ఎందుకో ఈ చిన్న శ్రద్ధ చూపరు.

వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం పాత పత్రికల సంపుటాలకు పేరుపొందింది. హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలు చాలావాటిని డిజిటల్ రూపంలోకి మార్చింది. మీనన్, మున్షీ, ఆస్టిన్ పుస్తకాలకు పునర్ముద్రణలున్నాయి. హాంగెన్, హారిసన్ లాంటివి పాత పుస్తకాల దుకాణాల్లోనే తారసపడతాయి, ఆదివారాల్లో అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద, విజయవాడలో లెనిన్ సెంటర్ దగ్గర. కార్టూన్ సంకలనం కొనేముందు మాత్రం లోపల తేదీలున్నాయో లేదో తిరగేసి చూసుకోవాలి.